పదిహేడో ప్రశ్న

ఫిబ్రవరి 3

బాబాయ్,

నీ చెవులకు ఫోను పనికిరాదని తెలిసి కూడా నిన్న రెండుసార్లు చేశాను. నువ్వు "ఎవరు? ఎవరూ?" అని అరిచి పెట్టేశావు. ముప్ఫై ఏళ్లు అచ్చు యంత్రాల పక్కన నిలబడ్డ చెవులు కదా, వాటిని అని ఏం లాభం. అందుకే ఈ ఉత్తరం, అదీ చేత్తోనే. కంప్యూటర్లో కొట్టి పంపితే మార్జిను బాగోలేదని తిప్పి పంపుతావని భయం.

ముందు అసలు సంగతి. నీ పద్నాలుగో నంబరు ఫారం నా చేతికొచ్చింది! ఇళ్ల కార్యాలయం వాళ్ల దరఖాస్తు, నువ్వు ప్రెస్సులో ఒక్కో అక్షరం ఏరి పేర్చి అచ్చేసినది. ఇన్నేళ్లకు వాళ్లు కాగితం మానేసి దాన్ని వెబ్‌లో పెడుతున్నారు. ఆ పని మా కంపెనీకి వచ్చింది, మా మేడమ్ నాకప్పగించింది. నువ్వు గీసిన గీతలను నేను తెర మీద గడులుగా మారుస్తున్నాను. గర్వంగానే ఉంది.

మా దగ్గర ఒక పనిముట్టు ఉంది. ఫారం తెరిచినవాళ్లు ఏ గడి దగ్గర ఎన్ని సెకన్లు ఆగారు, ఎక్కడ రాసి తుడిచారు, ఎక్కడ విసుగొచ్చి మూసేసి పోయారు, అన్నీ చూపిస్తుంది. మనిషెవరో చెప్పదు. ఏం రాశారో కూడా చూపించదు, అక్షరానికో చుక్క పెడుతుంది, అంతే. ఎక్కువమంది ఆగిన చోటు ఎర్రగా కనిపిస్తుంది. ప్రయోగానికని ఒక్క పేట వాళ్లకు ఫారం తెరిచి, పది రోజులుగా చూస్తున్నాను. మొదటి పదహారు ప్రశ్నలూ హాయిగా సాగిపోతున్నాయి. పదిహేడోది మాత్రం మండిపోతోంది. "పూర్వపు చిరునామా వదిలిన కారణం." అదే చివరిది, దాని తర్వాత సంతకమే. అంతదూరం వచ్చి, పదిమందిలో ముగ్గురు అక్కడ ఆగి వెళ్లిపోతున్నారు. వాళ్లకు ఇల్లు వద్దా అంటే, వద్దనుకుంటే పదహారు నింపుతారా?

గడి ఖాళీగా వదిలితే "ఇది తప్పనిసరి" అని ఎర్రక్షరాలు వస్తాయి, ముందుకు పోనివ్వదు. మార్చి నెలాఖరుకు ఊరంతటికీ ఫారం తెరవాలి. ఏం చెయ్యమంటావు? ఫారాల్లో నీకన్నా పెద్ద చెయ్యి నాకు తెలియదు.

అమ్మ బాగానే ఉంది. ఎడమ మణికట్టు మళ్లీ పట్టేసింది, బరువెత్తొద్దంటే వినదు. ప్రెస్సు వెనక గదిలో మనం ఉన్న రెండేళ్లు నిన్న గుర్తొచ్చాయి. నా చిన్నతనంలో అంత సరదా రోజులు మళ్లీ లేవు.

నీ కామా

---

ఫిబ్రవరి 10

అమ్మడూ, కామా,

ఉత్తరం అందింది. చేతిరాత కోడి కెలికినట్టే ఉంది. అయినా మార్జిను వదిలావు, సంతోషం.

వెబ్ అంటే నాకు తెలియదు గానీ ఫారం అంటే తెలుసు. నీలాంటివాళ్లు ఫారం అంటే ప్రశ్నల పట్టిక అనుకుంటారు. కాదు. గీత పొడవు చూసి మనిషి తానెంత చెప్పాలో తెలుసుకుంటాడు. వయసుకు అంగుళం గీత వేశావనుకో, అంకె వేసి ఊరుకుంటాడు. అదే వయసుకు నాలుగంగుళాలు వేసి చూడు, పుట్టిన తిథి, నక్షత్రం, వానొచ్చిందా లేదా కూడా రాస్తాడు. ఒకసారి తండ్రి పేరు గీత సొంత పేరు గీతకన్నా పొట్టిగా పడింది. ఆ ఫారం నింపలేక ఒక పెద్దమనిషి ప్రెస్సుకే వచ్చి నాతో జగడమాడాడు.

కాబట్టి పదిహేడో గడి కురచ చెయ్యి. రెండు మాటలు పట్టేంత. "ఉద్యోగం", "అద్దె గడువు", అలా రాసి పోతారు. ప్రశ్న జోలికి మాత్రం పోకు. ఆఫీసువాళ్లు అడిగారంటే ఏదో ఉండే ఉంటుంది, మనకెందుకు.

కింద ప్రెస్సు ఉన్న చోట ఇప్పుడు ఫోన్లకు తొడుగులు అమ్ముతున్నారు. షట్టరు ఎత్తిన చప్పుడు నాకు వినపడదు, మెట్ల మీద కూచుంటే అదురు తెలుస్తుంది. ఇవాళ పొద్దుటి నుంచి ఎందుకో కాలు ఒకచోట నిలవట్లేదు. మెట్లు నాలుగుసార్లు దిగి ఎక్కాను.

మీ అమ్మ మణికట్టుకు వేడినీళ్ల కాపడం పెట్టు. అశ్రద్ధ చెయ్యకు.

బాబాయ్

---

ఫిబ్రవరి 17

బాబాయ్,

నీ సలహా బెడిసికొట్టింది. గడి కురచ చేస్తే పదిమందిలో ముగ్గురు కాస్తా నలుగురయ్యారు. పొడవు చేసి చూశాను, మళ్లీ ముగ్గురు. పక్కన ఉదాహరణ పెట్టాను, గడి కింద "మీ వివరాలు గోప్యం" అని రాశాను, చివరికి రంగు కూడా మార్చాను. ఉహూ. గడిలో లోపం లేదు. ప్రశ్నలోనే ఉంది.

ఒక మనిషి ఉన్నారు. ఆడో మగో తెలియదు, అదే వేళకు అదే తీరున ఆగుతారు కాబట్టి ఒక్కరేనని నా ఊహ. రోజూ పొద్దున పదకొండు గంటలకు ఫారం తెరుస్తారు. పదహారు దాకా గబగబా నింపుతారు. మొదటిరోజు పదిహేడులో అరవై రెండు చుక్కలు కొట్టి, ఒక్కొక్కటే వెనక్కి తుడిచేశారు. రెండోరోజు తొమ్మిది చుక్కలు, అవీ తుడిచేశారు. నిన్న గడిలో గీత ఒక్కటే మినుకు మినుకుమంటూ పదకొండు నిమిషాలు ఉంది. ఒక్క అక్షరం పడలేదు. మూసేసి వెళ్లిపోయారు. నేను ఆ పదకొండు నిమిషాలూ కాలు కాలిన పిల్లిలా ఆఫీసు గదంతా తిరిగాను. పక్క సీటాయన "కూచోవమ్మా తల్లీ, నాకు కళ్లు తిరుగుతున్నాయి" అని దండం పెట్టాడు.

ఆ ప్రశ్న తీసేద్దామని మేడమ్‌ని అడిగాను. ఇళ్ల కార్యాలయాన్ని అడగమంది. వాళ్లేమో, "ముప్ఫై ఆరేళ్లుగా ఉందండీ. ఊరికే ఉంటుందా? ఏ నిబంధన కింద పెట్టారో తెలిసేదాకా ముట్టుకోం" అన్నారు. నిబంధనల పుస్తకం మొత్తం వెతికాను. ఆ ప్రశ్న మాటే లేదు. లేదని చూపిస్తే, "పుస్తకంలో లేనివి కూడా ఉంటాయండీ" అన్నారు. తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

ఇక నీదే భారం. అచ్చుకిచ్చేటప్పుడు ఆఫీసువాళ్లు చేత్తో రాసిన కాపీ ఒకటి ఇస్తారు కదా. నువ్వు ప్రతిదీ దాచేవాడివి, మంచం కింద రేకు పెట్టెలో నంబరు వేసి మరీ. పద్నాలుగోది తీసి పంపు. అందులో ఆ ప్రశ్న ఎవరు రాశారో, పక్కన ఎవరి సంతకం ఉందో చూస్తే తాడు కొస దొరుకుతుంది.

తొందరగా, బాబాయ్. రోజులు దగ్గరపడుతున్నాయి.

కామా

---

ఫిబ్రవరి 25

అమ్మడూ,

కాపీ లేదు. పెట్టెకు చెదలు పట్టింది. పాత కాగితాలు ఎన్నని దాచగలను?

ప్రశ్న ఉంటే ఉండనీ. ముప్ఫై ఆరేళ్లలో ఎంతమంది నింపలేదు? నీకు ఈ ఒక్క ఫారమేనా పని? ఇంకేదైనా చూసుకో.

ఆ పదకొండు గంటల ఆవిడ మళ్లీ వచ్చిందా?

వంట్లో బాగానే ఉంది. నిద్ర సరిగా పట్టట్లేదు, అంతే. నిన్న పాలు పొయ్యి మీద పెట్టి బజారు దాకా వెళ్లిపోయాను. గిన్నె మాడింది.

బాబాయ్

---

మార్చి 4

బాబాయ్,

రేకు పెట్టెకు చెదలు పట్టడం ఎప్పటి నుంచి మొదలైంది?

పోయిన వేసవిలో నేనొచ్చినప్పుడు ఆ పెట్టె తెరిచి గంటసేపు చూపించావు. ఒక్క కాగితం మూల కూడా నలగలేదు. నాతో అబద్ధమాడాల్సిన అవసరం నీకేమొచ్చింది? నేనే చెప్పనా? అది నీ ఫారం. నీ చేతి పని. నిన్నగాక మొన్న పుట్టిన పిల్ల వచ్చి అందులో గీత చెరపడం నీకు నచ్చలేదు. అక్కడ ఎవరో మనిషి ఇల్లు లేకుండా రోజూ పదకొండు గంటలకు వచ్చి గింజుకుంటుంటే, నీకు నీ ఫారం అందం ముఖ్యమైపోయింది. ఆవిడ ఆవిడ అంటున్నావు, ఆడమనిషని మా పనిముట్టుకే తెలియదు, నీకెవరు చెప్పారు?

ఇంకోటి. ఈ గొడవంతా అన్నం తింటూ అమ్మకు చెప్పాను. అమ్మ సగం అన్నం కంచంలోనే వదిలేసింది. తర్వాత లేచి చెయ్యి కడుక్కుని, బీరువాలో చీరల అడుగు నుంచి ఒక ఫారం తీసి నా ముందు పెట్టింది. పద్నాలుగో నంబరు. నాకు ఐదేళ్లప్పటిది. నింపింది అమ్మే, పదహారు దాకా. పదిహేడో గీత ఖాళీ. దాని చుట్టూ ఎర్ర పెన్సిలుతో సున్నా, పక్కన "అసంపూర్ణం, వాపసు" అని ముద్ర. "మనదీ అక్కడే తిరిగొచ్చింది" అంది. ఎందుకు రాయలేదమ్మా అంటే వెళ్లి గిన్నెలు తోముకుంటోంది.

ఇల్లు వెంటనే రాకపోతే ఆఫీసువాళ్ల ఆలస్యం అనుకున్నాను ఇన్నాళ్లూ. ఈ ఒక్క గీత వల్లనా? నీకు తెలుసా ఈ సంగతి? తెలిసీ దాన్ని వెనకేసుకొస్తున్నావా?

మార్చి 29న ఆఖరి సమావేశం. కాపీ పంపితే పంపు. లేకపోతే నేనే వచ్చి మంచం కింద దూరతాను.

నీ అన్న కూతురు

---

మార్చి 16

అమ్మడూ,

కామా అని రాయకుండా సంతకం చేశావు. పది రోజులు ఆ మాటే చూస్తూ కూచున్నాను. కూచున్నాను అన్నది ఊరికే అన్నాను, తిరుగుతూనే ఉన్నాను.

కాపీ ఈ కవర్లో ఉంది. లెక్కపెట్టు. ప్రశ్నలు పదహారే.

పదిహేడోది ఏ ఆఫీసరూ అడగలేదు. నేను పెట్టాను.

ఆ రోజు సాయంత్రానికి ప్రూఫు ఇవ్వాలి. పదహారూ పేర్చి చూస్తే కింద, సంతకానికి పైన, రెండు వేళ్ల జాగా మిగిలింది. పేజీ బోసిగా ఉంది. గీతలన్నీ విప్పి కాస్త కాస్త జరపాలంటే మళ్లీ మూడు గంటల పని. పక్క బల్ల మీద బడివాళ్ల బదిలీ పత్రం పేర్చి ఉంది. అందులో "పాఠశాల వదిలిన కారణం" అని ఒక వరుస. సరిగ్గా ఆ కొలతే. దాన్నెత్తి ఇక్కడ పెట్టి, "పాఠశాల" తీసేసి "పూర్వపు చిరునామా" పేర్చాను. పేజీ నిండింది. ప్రూఫులో ఆఫీసువాళ్లే కొట్టేస్తారులే అనుకున్నాను. వాళ్లు చదవకుండా సంతకం పెట్టారు. ఐదువేల కాపీలు అచ్చయ్యాక నోరు విప్పే ధైర్యం నాకు లేకపోయింది. అంతే. దానికి నిబంధన లేదు, కారణం లేదు. జాగా మిగిలింది, అంతే.

ఇంతే అయితే నవ్వుకునేవాళ్లం. ఇంతే కాదు.

ఏడేళ్ల తర్వాత మీ అమ్మ నిన్ను తీసుకుని ఇల్లు వదిలి వచ్చేసింది. యజమానిని అడిగి ప్రెస్సు వెనక గది ఇప్పించాను, పది రోజులకని. ఇంటికి దరఖాస్తు పెట్టుకుంది. పదిహేడో గీత దగ్గర ఆగిపోయింది. ఆఫీసు కిటికీ దగ్గర గుమాస్తా ఒక్కో జవాబూ పైకి చదివేవాడు, వెనక వరుసంతా వినేలా. వాడు మా అన్నయ్యకు స్నేహితుడు కూడా. "ఏదో ఒకటి రాయి వదినా" అన్నాను. "అబద్ధం రాయలేను, నిజం రాసి అందరి ముందూ చదివించుకోలేను" అంది. ఖాళీగా ఇచ్చింది. తిరిగొచ్చింది.

నేను ఈ కాపీ పట్టుకుని ఆ ఆఫీసుకు నడిస్తే అరగంట పని. ఇది ఆఫీసు ప్రశ్న కాదు, నా తప్పు అని చెబితే సరిపోయేది. ప్రెస్సుకు ఆ ఆఫీసు పని పోతుందని, నన్ను తీసేస్తారని భయపడ్డాను. రెండుసార్లు మలుపు దాకా వెళ్లి వెనక్కొచ్చాను. మళ్లీ దరఖాస్తులు తీసుకునేసరికి రెండేళ్లు పట్టింది. అప్పటికి గుమాస్తా మారాడు, కొత్తవాడు ఖాళీ గీతను పట్టించుకోలేదు.

ఆ రెండేళ్లూ నీకు సరదా అని రాశావు. మీ అమ్మ యంత్రం పక్కన చాప వేసుకుని పడుకుంది. సొంత చిరునామా లేక నా దగ్గరే ఉన్నారు కాబట్టి మీరెక్కడున్నారో మీ నాన్నకు తెలుసు. రెండుసార్లు వచ్చాడు. రెండోసారి నేను కాగితం కొనడానికి వెళ్లాను, లేను. వదిన చెయ్యి షట్టరులో పెట్టి దించాడు. కాగితం కట్టల మీద పడ్డానని నీకు చెప్పింది. ఆ మణికట్టు అప్పటిది.

పదకొండు గంటల మనిషి ఆవిడే అని ఎందుకన్నానంటే, నువ్వు రాసింది చదువుతుంటే నాకు మీ అమ్మే కనిపించింది. ఇంకెవరూ కనిపించలేదు.

కాపీ మీ మేడమ్‌కి చూపించు. నా పేరు చెప్పు, ఫరవాలేదు. ఇప్పుడు నన్ను తీసేయడానికి ఉద్యోగం లేదు. ఈ ఉత్తరం మాత్రం మీ అమ్మకు చూపించు. నోటితో చెప్పే మొహం నాకు లేదు.

మీ బాబాయ్

---

మార్చి 30

బాబాయ్,

పని సంగతి ముందు చెప్పేస్తాను, అది తేలిక.

నిన్న సమావేశంలో కాపీ బల్ల మీద పెట్టాను. ఇళ్ల కార్యాలయం పెద్దాయన కళ్లద్దాలు తుడుచుకుని రెండుసార్లు లెక్కపెట్టాడు. పదహారే. "మరి ఇన్నేళ్లు మేం దేన్ని చూసి దరఖాస్తులు తిప్పి పంపాం?" అన్నాడు. ప్రశ్న తీసేశారు. తెర అడుగున ఇప్పుడు రెండు వేళ్ల ఖాళీ ఉంది. మా మేడమ్ "బోసిగా ఉంది, ఏదైనా బొమ్మ పెడదామా?" అంది. నేను ఎంత గట్టిగా వద్దన్నానో ఆవిడ ఉలిక్కిపడింది.

పదకొండు గంటల మనిషి పోయిన పది రోజులుగా కనిపించలేదు. ఇకముందు వచ్చి నింపి వెళ్లినా, ఆగడానికి పదిహేడు లేదు కాబట్టి వాళ్లేనని నాకు తెలియదు. రోజూ ఆ వేళకు తెర ముందు కూచుంటున్నాను. అలవాటు పోవట్లేదు.

నాకు నీ మీద కోపంగా ఉంది. దాచను. నిన్ను ఫారం అందం చూసుకునే మనిషివన్నాను, అది తప్పు, కానీ నిజం అంతకన్నా బాగాలేదు. ఆ వెనక గదిలో నువ్వు నాకు అక్షరాలు నేర్పావు. కామా అని పేరు పెట్టి, సీసపు కామా అరచేతిలో పెట్టావు. అది ఇంకా నా దగ్గరుంది. దాన్ని పారెయ్యలేను, చూడనూ లేను. ఆ రోజుల్ని ఇప్పుడు ఎలా తలచుకోవాలో నాకు తెలియట్లేదు.

అమ్మ నీ ఉత్తరం మూడుసార్లు చదివింది. రెండు రోజులు ఇల్లంతా కడుగుతూ ఉంది. ఉతికిన కర్టెన్లే మళ్లీ దించి ఉతికింది, ఒంటిచేత్తో పిండుతుంటే చూడలేక లాక్కున్నాను. మూడోరోజు పొద్దున తనే వచ్చి ఆ పాత ఫారం నా చేతిలో పెట్టింది. ఆవిడ మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను.

"గీత పెట్టినందుకు నాకేం కోపం లేదని చెప్పు. పేజీ నింపుకున్నాడు, పోనీ. పదిహేడులో ఏం రాయాలో మీ బాబాయ్‌కీ తెలుసు. ఆ ఇంట్లో మా పక్క గది ఆయనదే. నేను వచ్చేసిన రోజు పెట్టె మోసింది కూడా ఆయనే. నన్ను ఏదో ఒకటి రాయమన్నాడు. ఇప్పుడు ఆయన్ని రాయమను. ఏదో ఒకటి కాదు."

ఫారం ఇందులో పెడుతున్నాను. పదిహేడులో ఏముండాలో నాకూ ఎవరూ చెప్పలేదు, బాబాయ్. నాన్న కోపిష్టి అన్నారు, అంతవరకే. అడిగితే అమ్మ గిన్నెలు తోముకుంది, నువ్వు మాట మార్చావు. నేనూ ఎదురుచూస్తున్నాను.

కామా

---

ఏప్రిల్ 9

అమ్మడూ,

ఫారం వచ్చి ఆరు రోజులైంది. బల్ల మీద పెట్టి చుట్టూ తిరిగాను. ఎదురింటాయన ఏదైనా పోయిందా, వెతుకుతున్నారా అని సైగ చేసి అడిగాడు.

ముందు పెన్సిలుతో "కుటుంబ కలహాలు" అని రాశాను. తుడిచేశాను. "సర్దుబాటు కాక" అని రాశాను. అదీ తుడిచేశాను. ఒక రోజంతా ఏమీ రాయకుండా పెన్సిలు పట్టుకునే కూచున్నాను. నీ పనిముట్టు నా నెత్తి మీద ఉంటే ఎన్ని చుక్కలు లెక్కపెట్టేదో. కాగితం అక్కడ పలచబడింది, చూస్తే నీకే తెలుస్తుంది. మీ అమ్మ రాయలేకపోయింది గుమాస్తా చదువుతాడని. నాకు గుమాస్తా లేడు, వరుస లేదు. అయినా ఇన్ని రోజులు పట్టింది.

గీత నాలుగంగుళాలు. అందులో ఇంత సంగతి పట్టదు, వెనక పేజీ కూడా కావాలి అనుకున్నాను. ఇవాళ పొద్దున ఇంకుతో రాశాను.

"మా అన్నయ్య కొట్టేవాడు. నేను పక్క గదిలో ఉండి వినేవాణ్ని."

గీత సరిపోయింది. కొంచెం మిగిలింది కూడా. ఈసారి దాన్ని నింపలేదు.

మీ అమ్మకివ్వు. సరిగ్గా లేకపోతే తిప్పి పంపమను. మళ్లీ రాస్తాను.

బాబాయ్